చిలకమ్మ ముద్దే... మరి ఆ గోల?

మా ఇంట్లో దాదాపు ఏడాదిన్నర పాటు కుక్కరు విజిల్ వినిపించలేదంటే మీరు నమ్మరు. కుక్కరు బాగానే ఉంది, విజిల్ కూడా బాగానే వేసేది. కానీ దాన్ని మించిన గొంతు ఒకటి మా హాల్లో ఉండేది. మూడు విజిళ్లకు దించాల్సిన కందిపప్పు అడుగంటి, మాడు వాసన ముక్కుకు తగిలాక గానీ నాకు తెలిసేది కాదు. ఎన్నిసార్లు పప్పు పారబోసి మళ్లీ పొయ్యి మీద పెట్టానో లెక్కలేదు.

ఆ గొంతు పేరు బంగారి. సన్ కనూర్ అనే జాతి చిలుక. ఒళ్లంతా పసుపు, నారింజ, రెక్కల చివర కాస్త ఆకుపచ్చ. పసుపు కుంకుమలు కలిపి పూసినట్టుండేది. 2023 దసరా సెలవుల్లో మా అమ్మాయి పట్టుబట్టి కొనిపించుకుంది. దుకాణంలో అది అమ్మాయి భుజం ఎక్కి, చెవి దగ్గర ముక్కుతో మెల్లిగా గీరుతూ, "కీ... కీ..." మంటూ కూర్చుంది. అరవదా అని నేను అడిగాను. "చిన్న గొంతేనమ్మా, ఆ మాత్రం సందడి లేకపోతే ఇంటికి కళేముంటుంది?" అన్నాడు అమ్మేవాడు. చిన్న గొంతన్న మాట ఆ రోజుకి అబద్ధం కాదు. అప్పటికది మూడు నెలల పిల్ల. చిలుక పిల్లలకు గొంతు వయసుతో వస్తుందని, అంగట్లో విన్న గొంతు ఇంట్లో వినబోయే గొంతు కాదని నాకెవరు చెప్పారు?

ఆరేడు నెలలు నిండేసరికి బంగారి గొంతు విచ్చుకుంది. తెల్లవారి వెలుగు రాగానే మొదలు. మళ్లీ సాయంత్రం దీపాలు పెట్టే వేళ. మధ్యలో మిక్సీ వేస్తే మిక్సీతో పోటీ, కాలింగ్ బెల్ మోగితే బెల్లుతో పోటీ. రేకు మీద మేకుతో గీస్తే ఎలా ఉంటుందో అలాంటి కేక! మా అత్తయ్యగారు చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేసి, "హమ్మయ్య, దేవుడు ఒక్కోసారి చెవుడు కూడా మంచికే ఇస్తాడే అమ్మాయ్" అనేవారు. అందరం నవ్వుకునేవాళ్లం.

నవ్వు ఆగిపోయింది మాత్రం కింది ఫ్లాటు అమ్మాయి వచ్చిన రోజు. ఆమె ఆసుపత్రిలో నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. పొద్దున్న ఇంటికొచ్చి, పాపను స్కూలు ఆటో ఎక్కించి పడుకుంటుంది. ఆ సమయానికే మా హాల్లో బంగారి రెండో విడత మొదలుపెడుతుంది. ఆ రోజు ఆమె గొడవ పెట్టుకోలేదు. మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, "అక్కా, నిన్న రాత్రి ఇంజెక్షన్ డోసు రెండుసార్లు సరిచూసుకున్నాను. నా కళ్ల మీద నాకే నమ్మకం లేకపోయింది. నిద్ర లేదక్కా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ముద్దుకి పెంచుకున్న పిట్ట ఎక్కడో ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి దాకా వెళుతుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఆ తర్వాతే ఈ చిలకల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను. పక్షుల డాక్టరును అడిగాను. పెంచేవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లిచ్చిన కాఫీ తాగుతూ, చెవులు రిక్కించి కూర్చున్నాను. కొనేముందు చెయ్యాల్సిన పని కొన్న తర్వాత చేశానన్నమాట. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఈ వ్యాసం.

లవ్ బర్డ్స్ అని మనం పిలిచేవి

మన బజార్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిన్న పిట్టలు నిజానికి లవ్ బర్డ్స్ కావు. అవి బడ్జెరిగార్లు. ముద్దుగా బడ్జీలంటారు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఇవి కూడా చిలక జాతే. ఫ్లాటుల్లో ఉండేవాళ్లకు వీటికి మించిన తేలిక పక్షి లేదనే చెప్పాలి. అలాగని నోరు మూసుకుని కూర్చుంటాయనుకోకండి! పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా కిచకిచలే. కాకపోతే ఆ కిచకిచ పక్క గది దాటి గట్టిగా వినిపించదు. చెట్టు మీద పిచ్చుకల గుంపు ఎలాగో అలాగ. టీవీలో సీరియల్ చూసేటప్పుడు వాల్యూమ్ రెండు గీతలు పెంచుకోవాల్సి వస్తుంది. అంతే. తలనొప్పి మనుషులకు మాత్రం ఆ రెండు గీతలే ఎక్కువవుతాయి. ఎందుకంటే పెద్ద చిలుక పది నిమిషాలు అరిచి ఊరుకుంటుంది, బడ్జీకి ఊరుకోవడమన్నది తెలీదు.

వీటిలో మగ పిట్ట మాటలు కూడా నేర్చుకుంటుంది. ముక్కు పైన మైనంలా ఉండే భాగం నీలంగా ఉంటే సాధారణంగా మగది, గోధుమ రంగులో ఉంటే పెద్దదైన ఆడది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పక్ అనే మగ బడ్జీ 1,728 మాటలు నేర్చుకుని గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1994లో చనిపోయింది పాపం. అన్ని మాటలు మనలో ఎంతమంది రోజూ వాడతాం చెప్పండి! కాకపోతే బడ్జీ మాట్లాడితే క్యాసెట్టు వేగంగా తిప్పినట్టుంటుంది. చెవి పెట్టి వింటేనే అర్థమవుతుంది.

అసలు లవ్ బర్డ్స్ వేరే ఉన్నాయి. ఆఫ్రికా నుంచి వచ్చినవి, పొట్టి తోక, బొద్దు ఒళ్లు, కొన్నింటికి ముఖం గులాబి రంగులోనో ఎరుపులోనో ఉంటుంది. పేరులో ప్రేమ ఉందే గానీ గొంతులో లేదు. సన్నగా, గుచ్చినట్టుండే కేక. మాటలు దాదాపు రావు. ఆడదానికి కోపం కూడా ఎక్కువ. ఒక జంటను పెంచుకున్న మా స్నేహితురాలు, "వాటి కాపురం చూస్తే మా కాపురమే నయమనిపిస్తుంది" అంటుంది.

ఈల వేసే కాకటీల్

తల మీద కిరీటం లాంటి జుట్టు, బుగ్గ మీద గుండ్రంగా నారింజ బొట్టు. అది కాకటీల్. ఇదీ ఆస్ట్రేలియాదే. దీని స్వభావం నెమ్మది. ఆడది అయితే ఇంకా నెమ్మది. అసలు ఇంట్లో పక్షి ఉందా లేదా అన్నట్టుంటుంది. మగదానికి మాత్రం ఈల పిచ్చి. ఒక రాగం నేర్పారా, ఇక అంతే. పొద్దున్న అదే, మధ్యాహ్నం అదే, చుట్టాలొచ్చినా అదే. ఒకరింట్లో పిల్లాడు సెల్‌ఫోను రింగుటోను ముక్క నేర్పాడట. మూడేళ్లుగా ఇంటిల్లిపాదీ ఫోను మోగిందని పరుగెత్తుతున్నారు. ఏ రాగం నేర్పాలో నేర్పేముందే బాగా ఆలోచించుకోండి. దీని ఆయుష్షు పదిహేను, ఇరవై ఏళ్లు.

కాకటీళ్లతో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. అర్ధరాత్రి చీకట్లో ఏ చిన్న అలికిడైనా, గోడ మీద నీడ కదిలినా, అదిరిపడి పంజరంలో రెక్కలు టపటపా కొట్టుకుంటాయి. ఈకలు విరుగుతాయి, రక్తమూ వస్తుంది. చిన్న జీరో బల్బు వెలిగించి ఉంచితే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. ఇంకొకటి, వీటి ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో దీన్ని పెట్టుకోకపోవడం మేలు.

మా బంగారి, దాని చుట్టాలు

కనూర్లలో చాలావరకు దక్షిణ అమెరికావి. ఒకే ఇంటిపేరున్నా గుణాలు ఒకటి కావు. అందం చూసి అందరూ పడిపోయేది సన్ కనూర్‌కే. గొంతులో కూడా ఆ ఇంటికి అదే పెద్ద. మాటలు రెండు మూడు వస్తే గొప్ప. అడవిలో ఒక కొమ్మ మీదున్న గుంపు, ఎక్కడో దూరాన ఉన్న ఇంకో గుంపుతో మాట్లాడుకోవడానికి దేవుడిచ్చిన గొంతది. పది అడుగుల హాల్లో అది తిరగబడక ఏం చేస్తుంది?

అదే కనూర్లలో గ్రీన్ చీక్ అని ఒకటుంది. ఆకుపచ్చ బుగ్గలు, గోధుమ బూడిద రంగు తల. సన్ కనూరంత మెరుపు లేదు. అంగట్లో దాన్ని చూసి మేము ముఖం తిప్పుకున్నాం. ఇదీ అరుస్తుంది గానీ ఆ అరుపు తలుపులు మూస్తే ఇంట్లోనే ఉంటుంది, కింది ఫ్లాటుకు దిగదు. ఆటలకు, అల్లరికి దేనికీ తీసిపోదు. పెళ్లిచూపుల్లో రంగు చూసి మోసపోయినట్టయింది మా పని!

రామచిలుకను మాత్రం వద్దు

మన చిలుక అంటే మనకు రామచిలుకే. మెడలో గులాబి, నలుపు గీత, ఎర్ర ముక్కు. దానికంటే పెద్దగా, భుజం మీద ఎర్రమచ్చతో ఉండేది ఇంకోటి. కోనసీమలో మా అమ్మమ్మగారింట్లో వెదురు పందిరి కింద ఒక రామచిలుక పంజరం ఉండేది. మా అమ్మమ్మ అత్తగారు "కోడలు పిల్లా!" అని పిలిచే పిలుపు దానికి అచ్చంగా వచ్చేసింది. ఆవిడ పోయిన రెండేళ్లకు కూడా ఆ గొంతుతోనే పిలిచేది. అమ్మమ్మ వంటింట్లోంచి "ఆ... వస్తున్నా అత్తయ్యా" అని సగం దూరం వచ్చి, కొంగుతో కళ్లొత్తుకుని వెనక్కి వెళ్లడం నేను చూశాను. చిన్నతనంలో మాకది నవ్వులాట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆ కాలం వేరు. ఇప్పుడు రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలుకలకు రక్షణ ఉంది. జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. చిలక జోస్యం చెప్పేవాళ్ల పంజరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. కొందరు నీలం రంగువి, పసుపు రంగువి చూపించి "ఇది ఫారిన్ రింగ్‌నెక్ అమ్మా" అంటారు. రంగు మారినా జాతి మన రామచిలుకదే. ఆ మాయలో పడకండి. గోల సంగతి అంటారా? దాని "కీయ్... కీయ్" అనే కేక ఆరుబయట చెట్టు మీద బాగుంటుంది. గదిలో బాగుండదు. మన దేశం దాటి లండన్ పార్కుల్లో కూడా ఇవి గుంపులుగా స్థిరపడిపోయాయి. సాయంత్రం గూళ్లకు చేరే వేళ వీటి రొదకు అక్కడి వాళ్లూ చెవులు మూసుకుంటున్నారట.

భద్రాచల రామదాసు పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో ఉంచినందుకే గోల్కొండలో పన్నెండేళ్లు చెరసాల అనుభవించాడని మనవాళ్లు కథ చెప్పుకుంటారు. అంటే ఈ విషయంలో చట్టం కంటే ముందే మన పెద్దవాళ్లు శిక్ష రాసి పెట్టారన్నమాట!

పెద్దింటి చిలుకలు

ఆఫ్రికన్ గ్రే అంటే బూడిద రంగు ఒళ్లు, ఎర్ర తోక. చిలుకల్లో ఇంత తెలివైనది, ఇంత స్పష్టంగా మాట్లాడేది లేదని పేరు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో అమెరికాలో ఒక పెట్ షాపులో అలెక్స్ అనే గ్రే చిలుకను కొని, ముప్పై ఏళ్లు దానికి పాఠాలు చెప్పారు. రంగులు, ఆకారాలు, వస్తువులను గుర్తించి వాటి పేర్లు చెప్పేది. ఆరు వరకు లెక్క తెలిసేది. 2007లో చనిపోయింది. ఇంత గొప్ప పక్షి ఇంట్లో ఉంటే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దాని గోల తీరు వేరు. కనూర్‌లా చెవులు చిల్లులు పడేలా అరవదు. మైక్రోవేవ్ బీప్, కాలింగ్ బెల్, దగ్గు, తలుపు కిర్రుమనడం, మీ అత్తాకోడళ్ల మాటలు, అన్నీ పట్టేస్తుంది. పట్టినదాన్ని రోజుకు వందసార్లు వినిపిస్తుంది. ఒక ఇంట్లో చూశాను. ఆయన "ఏమేవ్, కాఫీ" అన్న మాట ఆయన ఆఫీసుకెళ్లాక కూడా ఇంట్లో వినిపిస్తూనే ఉంది. ఆవిడ గతి ఊహించుకోండి! పైగా ఒంటరిగా వదిలేస్తే ఈకలు తనే పీక్కుంటుంది. నలభై, యాభై ఏళ్లు బతుకుతుంది. పిల్లల పెళ్లిళ్లయ్యాక కూడా అది మీ దగ్గరే ఉంటుంది.

ఇక కకాటూలు, మకావ్‌లు. వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. కకాటూ తెల్లగా, పూలబంతిలా, చంకలో దూరే పసిపిల్లలా ఉంటుంది. దాన్ని దించి పంజరంలో పెట్టగానే వేసే కేక వీధి చివరి వరకూ వెళుతుంది. మకావ్ గొంతు అడవులు దాటడానికి పుట్టింది. తోట, ప్రహరీ, దూరంగా పొరుగిల్లు ఉన్న మనుషుల వ్యవహారాలివి.

మరో ముఖ్యమైన మాట. 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం సన్ కనూర్, గ్రే, కకాటూ, మకావ్ లాంటి విదేశీ జాతులు ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, వేరేవాళ్లకిచ్చినా తెలియజేయాలి. బడ్జీలకు, కాకటీళ్లకు ఈ బాధ లేదు. హైదరాబాదులో ముర్గీ చౌక్ దగ్గర కొన్నా, ఇంకెక్కడ కొన్నా, రసీదు అడిగి తీసుకోండి. "రసీదెందుకమ్మా" అన్నాడంటే అక్కణ్ణించి లేచి వచ్చేయండి.

అసలెందుకు అరుస్తుంది?

మనలాగా చిలుకకు గొంతులో స్వరతంతులు లేవు. గాలిగొట్టం కిందికి వచ్చి రెండుగా చీలే చోట దాని వాయిద్యం ఉంది. అక్కడి నుంచి ఊదుతుంది. ఎందుకు ఊదుతుందంటే, అది గుంపులో బతికే ప్రాణి. పొద్దున్నే "నేను బతికే ఉన్నాను, మీరంతా ఉన్నారా?" అని ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. సాయంత్రం గూటికి చేరేముందు మళ్లీ పిలుచుకుంటాయి. ఇంట్లో ఉన్నదానికి గుంపు ఎవరు? మనమే. మనం వంటింట్లోకి వెళ్లి కనపడకుండా పోతే దాని లెక్కలో గుంపు తప్పిపోయినట్టు. అందుకే అరుస్తుంది. ఇది డాక్టరు చెప్పాక నాకు బంగారి మీద కోపం సగం తగ్గింది. ఆర్నెల్లుగా అది నన్ను తిడుతోందనుకున్నాను. కాదు, పిలుస్తోంది.

నేను చేసిన తప్పులు వినండి. అరిచినప్పుడల్లా నేనూ "నోర్ముయ్!" అని అరిచాను. దానికి అంతకంటే కావలసిందేముంది? పిలిచింది, గుంపు బదులు పలికింది! ఇంకా గట్టిగా పిలిచింది. పట్టపగలు దుప్పటి కప్పాను. రెండు నిమిషాలు ఊరుకుని, చీకట్లోంచే అరిచింది. మావారు నీళ్లు చల్లారు. అది దగ్గరికి పోతే కరవడం మొదలుపెట్టింది. చివరికి జామపండు ముక్క పెడితే నోరు మూసుకుంటోందని కనిపెట్టాను. వారం తిరక్కుండానే అది కూడా కనిపెట్టింది, అరిస్తే జామపండు వస్తుందని!

పనిచేసినవి వేరు. కనపడకుండా వేరే గదిలో ఉన్నప్పుడు అది మెల్లిగా ఒక్క కూత కూస్తే వెంటనే "ఇక్కడే ఉన్నా తల్లీ" అని బదులివ్వాలి. కేక వేస్తే బదులివ్వకూడదు, దాని వైపు చూడనే కూడదు. ఊరుకున్న క్షణంలో వెళ్లి పలకరించాలి. మొదటి పది రోజులూ అరుపు ఇంకా పెరుగుతుంది. అక్కడే చాలామంది ఓడిపోతారు. ఇంట్లో ఒక్కరు లొంగినా లాభం లేదు. మా ఇంట్లో లొంగినవారు మామయ్యగారు. ఎవరూ చూడకుండా పల్లీలు పెట్టేవారు.

రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి దానికి. మనం పదకొండింటి దాకా టీవీ చూస్తూ దాన్ని హాల్లో కూర్చోబెడితే తెల్లారి చిరాకు మీద ఉంటుంది, పిల్లల్లాగే. రాత్రి పూట వేరే గదిలో చీకటి చేసి పడుకోబెట్టండి. పొద్దున్న తెర తీసే సమయాన్ని మీరే నిర్ణయించుకోవచ్చు. ఆదివారం ఓ అరగంట నిద్ర కలిసొస్తుంది కూడా! పంజరాన్ని పొరుగువాళ్ల గోడకు ఆనించొద్దు. ఖాళీ గదిలో శబ్దం గింగిరాలు కొడుతుంది. కిటికీలకు మందపాటి కర్టెన్లు, కింద తివాచీ ఉంటే కొంత మింగేస్తాయి. ఇంట్లో సందడి పెరిగితే అదీ గొంతు పెంచుతుంది కాబట్టి టీవీ వాల్యూమ్ తగ్గించడం కూడా మందే. నోటికి, కాళ్లకు పని ఉండాలి. ఖాళీ కొబ్బరి చిప్పలో కొర్రలు పోసి పైన కాగితం కట్టి ఇచ్చేదాన్ని. చింపి, వెతికి, తినేసరికి గంట. ఆ గంట నాకు వంటకు సరిపోయేది.

తిండి సంగతి ఒక్క ముక్క. పొద్దుతిరుగుడు గింజలే పెడితే కొవ్వెక్కి కాలేయం చెడుతుంది. కొర్రలు, తోటకూర, క్యారెట్, జామపండు, మునగాకు పెట్టండి. పచ్చిమిరపకాయ ఇస్తే చప్పరిస్తుంది. పక్షులకు కారం తెలీదు. చాక్లెట్, కాఫీ, ఉప్పు వేసిన చిప్స్, బటర్ ఫ్రూట్ మాత్రం ప్రాణం మీదికి వస్తాయి. అంతకంటే పెద్ద ప్రమాదం మన వంటింట్లోనే ఉంది. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మరిచిపోయి మాడితే వచ్చే పొగ మనకు తెలియను కూడా తెలియదు గానీ, పక్క గదిలో ఉన్న పక్షి నిమిషాల్లో చనిపోతుంది. దోసెల పెనం ఇనుపదే వాడుకోండి. పంజరం వంటింటి దరిదాపుల్లో ఉండకూడదు.

అరవకపోతే భయపడండి

ఇంత గోల గురించి చెప్పి ఇప్పుడు ఈ మాట అంటున్నానేమిటి అనుకోకండి. మా అక్క వాళ్లింట్లో బడ్జీ ఒకటి ఉండేది. రెండు రోజులుగా కిచకిచ తగ్గింది. "పాపం, అలవాటు పడింది. ఇప్పుడు బుద్ధిగా ఉంటోంది" అని అక్క సంతోషించింది. మూడో రోజు పొద్దున్న పంజరం అడుగున పడి ఉంది. అడవిలో జబ్బుపడ్డదాన్ని గద్ద ముందు పట్టుకుపోతుంది. అందుకే పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. బయటపడేసరికి చాలా ఆలస్యమైపోతుంది. మామూలుగా వాగే పిట్ట ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంటే, ఒళ్లంతా ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే, ఊపిరి పీల్చినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతుంటే, రెట్ట రంగు మారితే, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అక్క ఇప్పటికీ అంటుంది, "ఆ రెండు రోజులూ నేను సంతోషించానే" అని.

బంగారి సంగతి చెప్పి ముగిస్తాను. నేర్పిన పద్ధతులతో దాని అరుపు సగానికి తగ్గింది. పొద్దుటి పిలుపు, సాయంత్రం పిలుపు మాత్రం ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆ సగమే కింది ఫ్లాటుకు ఎక్కువ. పైగా మా అమ్మ మోకాలి ఆపరేషనుకు నేను నెల రోజులు ఊరెళ్లి తిరిగొచ్చేసరికి బంగారి రొమ్ము మీద అరచేతి మందాన ఈకలు లేవు. తనే పీక్కుంది. అమ్మాయి స్కూలుకు, మావారు ఆఫీసుకు పోతే రోజంతా పిలిచి పిలిచి, బదులు లేక చేసిన పని అది. ఆ చర్మం చూశాక కింది నర్సమ్మాయి కళ్లూ, ఈ పిట్ట రొమ్మూ రెండూ ఒకటే చెబుతున్నాయని నాకర్థమైంది.

2025 వేసవిలో, ఊరి బయట మామిడితోటలో ఇల్లు కట్టుకుని అప్పటికే నాలుగు కనూర్లను పెద్ద పంజరపు గదిలో పెంచుతున్న దంపతులకు ఇచ్చాం. నమోదు కాగితాలు వాళ్ల పేరుకు మార్పించాం. అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. నాతో వారం మాట్లాడలేదు. నెల తర్వాత చూడటానికి వెళ్తే, బంగారి దాని భుజం మీద వాలి, చెవి గీరి, రెండు నిమిషాలకే ఎగిరి తన జతగాడి పక్కకు వెళ్లిపోయింది. కారులో వస్తూ అమ్మాయి, "అమ్మా, దానికి ఈకలొచ్చాయి చూశావా?" అంది. అంతే మాట్లాడింది.

ఆర్నెల్లయ్యాక అదే దంపతులు తమ దగ్గరున్న ఒక మగ కాకటీల్‌ను అమ్మాయికిచ్చారు. తెచ్చేముందు నేను కింది ఫ్లాటుకు వెళ్లి అడిగి మరీ తెచ్చాను. "ఈల వేస్తుందమ్మాయ్, ఫరవాలేదా?" అంటే, "ఫరవాలేదక్కా, మా పాప ఆడుకోవడానికి పైకి వస్తానంటోంది" అంది.

ఇప్పుడు మా ఇంట్లో కుక్కరు విజిల్ చక్కగా వినిపిస్తోంది. కాకపోతే ఆ మూడో విజిల్ కుక్కరు వేసిందో, కాకటీల్ వేసిందో స్టవ్ దగ్గరికి వెళ్లి చూస్తే గానీ తెలియడం లేదు.